బ్రెయిలీ డిస్‌ప్లే: ఏ బటన్ ఎక్కడుంది, ఎవరికి పని చెబుతుంది

బ్రెయిలీ డిస్‌ప్లే అంటే తెర మీది అక్షరాలను వేలికి తగిలే చుక్కలుగా ఒక వరుసలో లేపే పరికరం. బ్రెయిలీ వచ్చినవాళ్లకు దాని మీద చుక్కలు చదవడం పెద్ద పని కాదు. తడబడేది బటన్ల దగ్గరే. నలభై సెల్స్ (అక్షరం లేచే గడులు) ఉన్న పరికరంలో ఒక్క రౌటింగ్ బటన్లే (కర్సర్‌ను కోరిన అక్షరం దగ్గరికి తెచ్చేవి) నలభై ఉంటాయి. వాటికి తోడు టైపు చేసే కీలు, వరుస జరిపే బటన్లు, రెండు పక్కలా మరికొన్ని. పైగా ఇవాళ ఒక పని చేసిన బటన్ రేపు ఇంకో పని చేసినట్టు అనిపిస్తుంది. దానికి కారణం కింద చెప్పాం. అది అర్థమైతే మిగతాదంతా వేళ్ల అలవాటే.

బ్రెయిలీ అక్షరాలు వచ్చినవాళ్ల కోసం రాసినది ఇది. పరికరం 14, 20, 32, 40, 80 సెల్స్‌లో ఏదైనా కావచ్చు, తయారీ సంస్థ ఏదైనా కావచ్చు. పేర్లూ స్థానాలూ కొంచెం మారతాయి గానీ నేర్చుకునే వరుస మారదు.

ముందు ఆఫ్‌లో ఉంచి తడమండి

పరికరాన్ని ఆన్ చెయ్యకుండా బల్ల మీద పెట్టండి. చుక్కలు లేచే వరుస మీకు దగ్గరగా, టైపు చేసే పెద్ద కీలు దాని అవతల ఉండాలి. తలకిందులుగా పెట్టుకుంటే బటన్లన్నీ తారుమారవుతాయి కాబట్టి ముందు ఇది చూసుకోండి. పరికరం ముందు అంచును బల్ల అంచుకు సమానంగా జరపండి. చాలా పరికరాల్లో వరుస జరిపే బటన్లు, అంటే ప్యానింగ్ బటన్లు, ఈ ముందు అంచులోనే ఉంటాయి, బొటనవేళ్లతో నొక్కాలి. పరికరాన్ని బల్ల లోపలికి తోసేస్తే బొటనవేళ్లు బల్లకు తగులుతాయి, బటన్ సగమే దిగుతుంది. "ప్యానింగ్ బటన్ సరిగా పనిచెయ్యడం లేదు" అనుకునేవాళ్లు మొదట చూసుకోవలసింది ఇదే.

ఇప్పుడు రెండు చేతుల చూపుడువేళ్లు సెల్స్ వరుస మీద పెట్టి, నడిమి నుంచి రెండు పక్కలకూ జరపండి. వరుస ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలియాలి. తర్వాత అదే వరుస నుంచి వేళ్లను కొంచెం అవతలికి జరిపితే, ప్రతి సెల్‌కూ ఎదురుగా ఒక చిన్న బటనో చిన్న గుంటో తగులుతుంది. అవి రౌటింగ్ బటన్లు. ఇంకా అవతలికి వెళ్తే టైపు కీలు. ఆ తర్వాత ముందు అంచు, ఎడమ పక్క, కుడి పక్క, వెనక వైపు ఇదే క్రమంలో తడమండి. పవర్ బటన్, యూఎస్‌బీ రంధ్రం, ఉంటే మెమరీ కార్డు సందు ఎక్కడున్నాయో గుర్తు పెట్టుకోండి. ప్రతి భాగం తగిలినప్పుడు దాని పేరు పైకి అనడం మంచిది. చేతులు ఒళ్లో పెట్టుకుని, మళ్లీ నేరుగా ఎడమ ప్యానింగ్ బటన్ మీదికి, అక్కడి నుంచి ఐదో రౌటింగ్ బటన్ మీదికి వెళ్లగలిగితే ఈ మెట్టు అయిపోయినట్టే.

టైపు కీలకు వేళ్ల అమరిక పెర్కిన్స్ బ్రెయిలర్ అనే బ్రెయిలీ టైపు యంత్రంలో లాంటిదే. నడుమ నుంచి ఎడమకు 1, 2, 3: చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపువేలు. నడుమ నుంచి కుడికి 4, 5, 6: అవే వేళ్లు, కుడిచేతివి. ఎనిమిది కీలుంటే ఎడమ చిటికెనవేలు కింద 7, కుడి చిటికెనవేలు కింద 8. స్పేస్ బొటనవేళ్లకు. టైపు చేసేటప్పుడు చాలా పరికరాల్లో 7 ఒక్కటే నొక్కితే వెనకటి అక్షరం చెరుగుతుంది, 8 ఒక్కటే నొక్కితే ఎంటర్ అవుతుంది. ఈ రెంటినీ తారుమారు చేస్తే రాసిన సందేశం సగంలోనే వెళ్లిపోగలదు. కాబట్టి మొదటి రోజుల్లో చిటికెనవేళ్లను కీల మీద ఆనించకుండా కొంచెం పైకి పట్టుకోండి.

చుక్కల కింద ఏముంది

ఒక్కో సెల్‌లో ఎనిమిది పిన్నులు ఉంటాయి. ఎడమ నిలువులో పై నుంచి 1, 2, 3, 7. కుడి నిలువులో 4, 5, 6, 8. అక్షరానికి పై ఆరు చాలు. అడుగున ఉన్న 7, 8 ఎక్కువగా కర్సర్ ఎక్కడుందో చెప్పడానికి, ఎంచుకున్న భాగాన్ని చూపడానికి వాడతారు. అందుకే కాగితం మీద చదివే అలవాటున్నవాళ్లకు మొదట్లో కొన్ని అక్షరాలకు తోక వచ్చినట్టు అనిపిస్తుంది.

ఎక్కువ పరికరాల్లో పిన్నును లేపేది పీజోఎలక్ట్రిక్ పట్టీ. సుమారు 200 వోల్టులు ఇస్తే అది కొంచెం వంగి పిన్నును పైకి నెడుతుంది. కరెంటు చాలా స్వల్పం కాబట్టి చేతికి ఏమీ తెలియదు. తెలుసుకోవలసింది ఏమిటంటే, ఆ పట్టీకి బలం తక్కువ. వేలితో గట్టిగా అదిమితే పిన్ను కిందికి దిగిపోతుంది, చుక్క లేదనుకుంటారు. చుక్కలు "మాయమవుతున్నాయి" అనే ఫిర్యాదుల్లో కొన్ని ఇలా అదమడం వల్లే. వేలిని బరువు వెయ్యకుండా, పక్కకు జారుస్తూ చదవాలి. నిలువుగా తడిమి తడిమి చదివే అలవాటు ఉంటే ఇక్కడ మానుకోక తప్పదు.

అన్ని పరికరాలూ ఇలాంటివి కావు. ఆర్బిట్ రీడర్ 20 అనే డిస్‌ప్లే వేరే పద్ధతిలో పనిచేస్తుంది. చుక్కలు గట్టిగా నిలబడతాయి, అదిమినా లొంగవు. దానికి బదులుగా వరుస మారేటప్పుడు చప్పుడు వినిపిస్తుంది, మారడానికి తెలిసేంత సమయం పడుతుంది. ఆ చప్పుడు ఆగేదాకా వేలు వరుస మొదట్లోనే ఆపండి. ఆ పరికరంలో రౌటింగ్ బటన్లు ఉండవు. కర్సర్‌ను నాలుగు దిక్కుల బాణం బటన్లతో, మధ్యలోని సెలెక్ట్ బటన్‌తో నడపాలి. ఫోకస్ అనే పేరున్న డిస్‌ప్లేల శ్రేణిలో ప్యానింగ్ బటన్లతో పాటు పైకీ కిందికీ ఊగే బటన్లు, వాటి పని మార్చే మోడ్ బటన్లు ఉంటాయి. మోడ్ బటన్‌కు పొరపాటున చెయ్యి తగిలితే, ఇందాక ఒక లైను జరిపిన బటన్ ఇప్పుడు ఇంకేదో జరుపుతుంది. ఫోకస్‌లో కంగారు పడేవాళ్లు మొదట ఈ మోడ్ బటన్‌ను అనుమానించాలి.

నొక్కిన బటన్‌కు జవాబిచ్చేది ఎవరు

డిస్‌ప్లే మీద నొక్కిన ఏ బటన్‌కైనా ముగ్గురిలో ఒకరు జవాబిస్తారు: పరికరంలోని సొంత సాఫ్ట్‌వేర్, కంప్యూటర్‌లో లేక ఫోన్‌లో ఉన్న స్క్రీన్ రీడర్ (తెర మీద ఉన్నదాన్ని మాటగా, బ్రెయిలీగా చెప్పే ప్రోగ్రాం), లేకపోతే ఆ స్క్రీన్ రీడర్ కింద నడుస్తున్న అప్లికేషన్. ఎవరు వింటున్నారో తెలియకపోతే ప్రతి బటనూ పిచ్చిదైనట్టు కనిపిస్తుంది.

చాలా పరికరాలకు సొంత మెనూ ఉంటుంది: నోట్స్ రాసుకోవడం, పుస్తకం చదవడం, గడియారం, సెట్టింగులు. అందులో ఉన్నంతసేపూ కంప్యూటర్‌కు ఒక్క కీ కూడా చేరదు. హోమ్ బటన్ తగిలి ఈ మెనూలోకి వచ్చేసి, స్క్రీన్ రీడర్ ఆగిపోయిందనుకుని కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేసేవాళ్లు తక్కువేమీ కాదు. పరికరాన్ని ఫోన్‌కో కంప్యూటర్‌కో అప్పగించే స్థితిని కొన్ని పరికరాల్లో టెర్మినల్ అంటారు, కొన్నిట్లో కనెక్షన్ల పేర్లే మెనూలో వరుసగా ఉంటాయి. అందులోకి వెళ్తేనే బటన్లు స్క్రీన్ రీడర్ చేతికి పోతాయి.

పరీక్ష సులువు. ఏదో ఒక బటన్ నొక్కి, కంప్యూటర్‌లో మాట వినిపించిందా చూడండి. వినిపిస్తే స్క్రీన్ రీడర్ విన్నది. వినిపించకుండా వరుస మాత్రం మారి, మెనూ పేరో బ్యాటరీ శాతమో వస్తే విన్నది పరికరం. అక్షరం టైపయితే అప్లికేషన్ దాకా వెళ్లింది. అనుమానం వచ్చిన ప్రతిసారీ ఈ మూడు ప్రశ్నలు వేసుకోండి.

అందుకే కొత్తవాళ్లు మొదటి వారం స్క్రీన్ రీడర్ జోలికి పోకుండా, పరికరం సొంత నోట్స్‌లో, సొంత రీడర్‌లో మాత్రమే పనిచెయ్యడం మంచిదని మా అభిప్రాయం. వినేవాడు ఒక్కడే ఉంటాడు కాబట్టి వేళ్లు తొందరగా కుదురుకుంటాయి. సొంత సాఫ్ట్‌వేర్ లేని, తంతి తగిలిస్తేనే పలికే పరికరమైతే కంప్యూటర్‌లో ఒక ఖాళీ టెక్స్ట్ ఫైల్ తెరుచుకుని అందులోనే ఉండండి.

ప్యానింగ్

ఆన్ చెయ్యడానికి చాలా పరికరాల్లో పవర్ బటన్‌ను రెండు మూడు సెకన్లు నొక్కి పట్టాలి. చిన్నగా నొక్కి వదిలితే కొన్ని పరికరాలు నిద్రలోకి వెళ్తాయి, లేదా నిద్ర లేస్తాయి. వరుస మీద చుక్కలు లేచాయంటే ఆన్ అయింది. ఒక ఫైల్ తెరవండి.

కుడి ప్యానింగ్ బటన్ తర్వాతి ముక్కను తెస్తుంది, ఎడమది వెనకటి ముక్కను తెస్తుంది. ఇది జరిపేది వరుస కిటికీని మాత్రమే. టైపు చేసే కర్సర్ ఉన్నచోటే ఉంటుంది. ఈ తేడా గట్టిగా గుర్తు పెట్టుకోవాలి, ఎందుకంటే మూడు సార్లు ప్యాన్ చేసి అక్కడ ఒక అక్షరం టైపు చేస్తే, అది చదువుతున్న చోట పడకపోవచ్చు. కర్సర్ ఎక్కడ ఆగిందో అక్కడ పడి, వరుస కూడా ఒక్కసారిగా అక్కడికే గెంతుతుంది.

చదివే చెయ్యి వరుస చివరికి చేరేటప్పటికే రెండో చెయ్యి వరుస మొదటికి వచ్చి ఉండాలి. చివరి అక్షరం మీద వేలు ఉండగానే బొటనవేలితో నొక్కి, వెంటనే చదివే వేలు ఎత్తెయ్యండి. వరుస మారే క్షణంలో వేలు పిన్నుల మీద అదుముకుని ఉంటే చుక్కలు సరిగా లేవవు, పాతదీ కొత్తదీ కలిసినట్టు తగులుతుంది. చదివేది కుడిచేతితో అయితే ఎడమ బొటనవేలితో నొక్కడం అలవాటు చేసుకోండి. నొక్కే చెయ్యీ చదివే చెయ్యీ ఒకటే అయితే వేగం పెరగదు.

కాగితం కోసం తయారైన బీఆర్‌ఎఫ్ ఫైళ్లలో లైనుకు సాధారణంగా 40 సెల్స్ ఉంటాయి. 40 సెల్స్ పరికరంలో అది ఇమిడిపోతుంది. 32 సెల్స్ దాంట్లో 32 చదివి, ప్యాన్ చేస్తే మిగిలిన ఎనిమిదే వస్తాయి, ఆ తర్వాత ఖాళీ. 14 సెల్స్‌లో 14, 14, 12. ప్రతి లైనుకూ ఒక తోక ముక్క మిగలడం చిరాకు. పరికరం సెట్టింగుల్లో లైన్లను మళ్లీ అమర్చే వీలుంటే ఆన్ చెయ్యండి. ఖాళీ లైన్లను దాటవేసే సెట్టింగు కూడా చాలా వాటిలో ఉంటుంది. పదాన్ని మధ్యలో విరవకుండా ఉంచే సెట్టింగు, అంటే వర్డ్ రాప్, తెలుగుకు తప్పనిసరి. మన పదాలు పొడుగు, సగం పదం ఒక వరుసలో, సగం ఇంకో వరుసలో ఉంటే అర్థం పట్టుకోవడం కష్టం. కాకపోతే చిన్న పరికరంలో దీనివల్ల వరుస చివర ఖాళీ సెల్స్ మిగులుతాయి. ఖాళీ తగలగానే వాక్యం అయిపోయిందనుకోకండి.

తనంతట తానే వరుస జరిపే ఆటో అడ్వాన్స్ చాలా పరికరాల్లో, స్క్రీన్ రీడర్లలో ఉంది. చేతితో ప్యాన్ చెయ్యడం స్థిరపడేదాకా దాని దగ్గరికి వెళ్లకండి.

రౌటింగ్ బటన్లు

ఈ బటన్లలో ఎక్కువ లాభం ఇచ్చేవి ఇవే, ఎక్కువమంది వాడకుండా వదిలేసేవీ ఇవే. ఏ సెల్ వెనక ఉన్న బటన్ నొక్కితే కర్సర్ ఆ సెల్‌లోని అక్షరం దగ్గరికి వస్తుంది. మౌస్‌తో చూపున్నవాళ్లు చేసే పని ఇది ఒక్క నొక్కుతో చేస్తుంది.

పద్ధతి: తప్పున్న అక్షరం మీద చూపుడువేలు ఆపండి. వేలిని ఎత్తకుండా నేరుగా అవతలికి జార్చి, తగిలిన బటన్‌ను నొక్కండి. వేలు ఎత్తి మళ్లీ దింపితే పక్క సెల్ బటన్ పడుతుంది, ఎందుకంటే సెల్‌కూ సెల్‌కూ మధ్య దూరం సుమారు ఆరు మిల్లీమీటర్లే. నొక్కాక వేలు వెనక్కి తెచ్చి, ఆ అక్షరం కింద 7, 8 చుక్కలు లేచాయా చూడండి. లేచాయంటే కర్సర్ వచ్చింది.

అభ్యాసానికి ఒక వాక్యం టైపు చేసి, కావాలని మూడు తప్పులు పెట్టండి: ఒక అక్షరం ఎక్కువ, ఒకటి తక్కువ, ఒకటి మారినది. బాణం కీలు వాడకుండా, రౌటింగ్‌తోనే మూడూ సరిచెయ్యండి. చెరిపే కీ కర్సర్ ముందున్న అక్షరాన్ని తీసేస్తుంది కాబట్టి, పోవలసిన అక్షరం మీద కాక దాని తర్వాతి దాని వెనక బటన్ నొక్కాలి. మొదటిసారి అందరూ ఇక్కడ ఒక అక్షరం తేడాతో పొరబడతారు.

తెలుగులో ఇంకో చిక్కు ఉంది. భారతీయ భాషలకు వాడే భారతి బ్రెయిలీలో వత్తు ఉన్న అక్షరానికి ముందు 4వ చుక్క వస్తుంది. "అమ్మ" అన్న పదం 1, ఆపై 4, ఆపై 1-3-4, మళ్లీ 1-3-4 అని నాలుగు సెల్స్ తీసుకుంటుంది. కంప్యూటర్ మాత్రం ఆ పదాన్ని అ, మ, పొల్లు, మ అనే వరుసలో దాచుకుంటుంది. పొల్లు స్థానం రెండింటిలో వేరు. అందుచేత వత్తు ఉన్నచోట రౌటింగ్ నొక్కితే కర్సర్ అనుకున్నదానికి ఒక అడుగు అటో ఇటో ఆగవచ్చు. వత్తులు చెరిపే ముందు 7, 8 చుక్కలు ఎక్కడున్నాయో తప్పకుండా తడమండి. మొత్తం పదం చెరిపి మళ్లీ రాయడమే చాలాసార్లు తక్కువ పని.

లింకులు, బటన్లు ఉన్న పేజీలో రౌటింగ్ రెండు పనులు చేస్తుంది. ఎన్‌వీడీఏ అనే కంప్యూటర్ స్క్రీన్ రీడర్‌లో మొదటి నొక్కు కర్సర్‌ను అక్కడికి తెస్తుంది, కర్సర్ అప్పటికే అక్కడ ఉండగా నొక్కితే ఆ లింకు తెరుచుకుంటుంది. "ఒకసారి తెరుచుకుంటోంది, ఒకసారి తెరుచుకోవడం లేదు" అనిపించేది అందుకే.

కలిపి నొక్కే ఆదేశాలు

స్పేస్‌తో పాటు కొన్ని చుక్కలు కలిపి నొక్కితే అక్షరం పడదు, ఆదేశం అవుతుంది. ఇక్కడ ఒక మర్మం ఉంది: పరికరం లెక్క చూసేది వేళ్లు నొక్కినప్పుడు కాదు, వదిలేటప్పుడు. అన్ని కీలూ ఒకేసారి కిందికి వెళ్లనక్కర లేదు, వదలడం మాత్రం అన్నీ దాదాపు ఒకేసారి జరగాలి. స్పేస్ నొక్కి పట్టుకుని చుక్కలను మెల్లగా వెతుక్కోవచ్చు. కొత్తవాళ్లు తొందరలో స్పేస్‌ను ఒక్క క్షణం ముందు వదిలేస్తారు, ఆదేశానికి బదులు అక్షరం పడుతుంది. ఒక వేలు ఆలస్యమైతే ఒక చుక్క తగ్గి ఇంకో ఆదేశమే అవుతుంది.

ఐఫోన్‌లోని స్క్రీన్ రీడర్ వాయిస్ ఓవర్‌లో ముందుగా నేర్చుకోవలసినవి, అన్నీ స్పేస్‌తో కలిపి:

- 4: తర్వాతి అంశం. 1: వెనకటి అంశం.
- 3-6: అంశాన్ని తెరవడం, అంటే రెండుసార్లు తట్టడం.
- 1-2: వెనక్కి. 1-2-5: హోమ్ స్క్రీన్.
- 1-2-3: తెర మీద మొదటి అంశం. 4-5-6: చివరి అంశం.
- 1-4-5: చెరపడం. 1-5: ఎంటర్.
- 1-3-4: మాటను ఆపడం, మళ్లీ తెప్పించడం.
- 1-2-4-5: సంక్షిప్త బ్రెయిలీ (పదాలను కుదించి రాసేది) నుంచి మామూలుకు, మామూలు నుంచి సంక్షిప్తానికి.

చివరి రెండింటినీ వాడకపోయినా గుర్తుంచుకోండి. పొరపాటున పడేవి ఎక్కువగా ఇవే. ఫోన్ హఠాత్తుగా మూగబోతే 1-3-4 పడి ఉంటుంది, మళ్లీ నొక్కండి. చదువుతున్న ఇంగ్లీషు ఉన్నట్టుండి కుదించుకుపోతే 1-2-4-5 పడి ఉంటుంది.

నొక్కితే ఏమవుతుందోనన్న భయం పోవాలంటే సాధన స్థితి ఉంది. ఐఫోన్‌లో స్పేస్‌తో 1-3 నొక్కితే అందులోకి వెళ్తారు. కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏకు, మరో స్క్రీన్ రీడర్ జాస్‌కు కూడా కీబోర్డు మీద ఇన్సర్ట్‌తో 1 అంకె. అక్కడ డిస్‌ప్లే బటన్ ఏది నొక్కినా అది చేసే పని పేరు చెబుతుంది, పని మాత్రం జరగదు. ఈ రెండు కంప్యూటర్ ప్రోగ్రాములలో మళ్లీ ఇన్సర్ట్, 1 నొక్కితే మామూలు స్థితికి వస్తారు. కరపత్రంలో రాసిన జాబితాను బట్టీ పట్టడం కన్నా, ఈ స్థితిలో పది నిమిషాలు పరికరం మీది ప్రతి బటనూ నొక్కి వినడం ఎక్కువ పనికొస్తుంది. కొత్త వెర్షన్‌లో ఆదేశం మారినా ఇక్కడ సరైనదే వినిపిస్తుంది.

ఒక్క చేత్తో పనిచేసేవాళ్ల కోసం చుక్కలను ఒకదాని తర్వాత ఒకటి నొక్కే స్థితి కొన్ని పరికరాల్లో, స్క్రీన్ రీడర్లలో ఉంటుంది. అందులో అక్షరం పూర్తయిందని స్పేస్ నొక్కి చెప్పాలి.

కలపడం, భాష అమర్చడం

మొదటిసారి యూఎస్‌బీ తంతితో కలపండి. తంతితో పలికాక బ్లూటూత్‌కు వెళ్లండి. అప్పుడు పలకకపోతే లోపం బ్లూటూత్‌లోనే అని తేలిపోతుంది. ఐఫోన్‌లో పెయిరింగ్ మామూలు బ్లూటూత్ పేజీలో చెయ్యకూడదు. సెట్టింగుల్లో యాక్సెసిబిలిటీ, అందులో వాయిస్ ఓవర్, అందులో బ్రెయిలీ అనే చోట పరికరం పేరు వస్తుంది, అక్కడే ఎంచుకోవాలి. ఆండ్రాయిడ్ స్క్రీన్ రీడర్ టాక్‌బ్యాక్‌లో 13వ వెర్షన్ నుంచి బ్రెయిలీ డిస్‌ప్లే మద్దతు అందులోనే ఉంది, దానిదీ టాక్‌బ్యాక్ సెట్టింగుల్లోనే. ఎన్‌వీడీఏలో ఇన్సర్ట్, కంట్రోల్, ఎ కలిపి నొక్కితే డిస్‌ప్లే ఎంచుకునే డబ్బా తెరుచుకుంటుంది. డిస్‌ప్లేలన్నీ కంప్యూటర్‌తో ఒకే తీరుగా మాట్లాడడం కోసం 2018లో ప్రకటించిన ఉమ్మడి హెచ్‌ఐడీ ప్రమాణాన్ని పాటించే పరికరాలకు విడిగా డ్రైవర్ అవసరం రాదు. పాతవాటికి రావచ్చు.

ఒక యూఎస్‌బీ తంతి మీద రెండు స్క్రీన్ రీడర్లు ఒకే డిస్‌ప్లేను పట్టుకోలేవు. రెండోది తెరవగానే వరుస ఖాళీ అయితే మొదటిదాన్ని పూర్తిగా మూసి, రెండోదాన్ని మళ్లీ మొదలుపెట్టండి.

తర్వాత పట్టిక. తెర మీది అక్షరాన్ని చుక్కలుగా మార్చేది దీన్ని బట్టే. ఎన్‌వీడీఏ బ్రెయిలీ సెట్టింగుల్లో తెలుగు గ్రేడ్ 1, అంటే కుదింపులు లేని పట్టిక, ఉంది. ఇంగ్లీషు పట్టిక ఉండగా తెలుగు చదివితే ఒక్కో అక్షరానికి బదులు వాలుగీత, ఎక్స్, నాలుగు స్థానాల కోడ్ వస్తాయి. ఆ కోడ్‌లన్నీ సున్నా, సి అని మొదలవుతుంటే పట్టిక మార్చాలని అర్థం. తెలుగు యూనికోడ్ అక్షరాలన్నీ అలాగే మొదలవుతాయి. పరికరం పాడైందని పంపించెయ్యకండి. చదివే పట్టిక వేరు, టైపు చేసే పట్టిక వేరు అన్నది కూడా మరిచిపోవద్దు. ఒకటి మార్చి ఇంకొకటి వదిలేస్తే చదివేది తెలుగు, పడేది ఇంగ్లీషు అక్షరాలు.

ఎన్‌వీడీఏ ఇంగ్లీషులో పెట్టే సంక్షిప్తాలూ తెలిసి ఉండాలి. ఎల్-ఎన్-కె అంటే లింకు, బి-టి-ఎన్ అంటే బటన్, ఇ-డి-టి అంటే రాసే చోటు, హెచ్ పక్కన అంకె ఉంటే ఆ స్థాయి శీర్షిక. చెక్ బాక్స్ మూడు సెల్స్‌గా వస్తుంది. మధ్య సెల్‌లో ఎనిమిది చుక్కలూ లేచి ఉంటే టిక్ ఉన్నట్టు, 7, 8 మాత్రమే ఉంటే లేనట్టు.

ఏది చెడిందో ఎలా తెలుసుకోవాలి

వరుస పూర్తిగా ఖాళీ: బ్యాటరీ, తంతి, తర్వాత పైన చెప్పిన ముగ్గురిలో ఎవరు వింటున్నారన్నది. పరికరం సొంత మెనూ పలుకుతుంటే సెల్స్ బాగున్నట్టే, లోపం కనెక్షన్‌లో ఉంది.

ఒకే చుక్క ఎప్పుడూ లేచి ఉండడం, లేదా ఎప్పుడూ లేవకపోవడం: ఎనిమిది చుక్కలూ నిండిన గుర్తును వరుసంతా రప్పించి, ఏ సెల్‌లో ఏ సంఖ్య లేదో రాసుకోండి. చాలావరకు కారణం పిన్ను చుట్టూ చేరిన చెమట, చర్మపు పొడి. సెల్ నంబరు, చుక్క నంబరు చెప్తే మరమ్మతు చేసేవాళ్లకు పని సగం తగ్గుతుంది. సూదితో పొడవడం, నూనె వెయ్యడం, ద్రవం నేరుగా పొయ్యడం వద్దు. పిన్ను సందులోంచి తడి లోపలి ఎలక్ట్రానిక్స్‌కు చేరుతుంది.

చదువుతుండగా వరుస తనంతట తానే మారిపోవడం: నోటిఫికేషన్ వచ్చి ఉండొచ్చు. ఎన్‌వీడీఏలో ఇలాంటి సందేశాలు మామూలుగా 4 సెకన్లు నిలిచి వెళ్లిపోతాయి. నెమ్మదిగా చదివేవాళ్లకు ఆ సమయం చాలదు, సెట్టింగుల్లో పెంచుకోండి. కారణం సందేశం కాకపోతే, డిస్‌ప్లే దేన్ని అనుసరిస్తోందో చూడాలి. ఇన్సర్ట్, కంట్రోల్, టి కలిపి నొక్కితే ఫోకస్‌నా (ఇది పరికరం పేరు కాదు, కీబోర్డు పనిచేస్తున్న చోటు), సమీక్ష కర్సర్‌నా (చదవడానికి మాత్రమే తిప్పే కర్సర్), రెంటినీ పరిస్థితిని బట్టా అన్నది మారుతుంది. ఫోకస్‌ను అనుసరించేటప్పుడు 7, 8 రెండూ, సమీక్షలో 8 ఒక్కటే కర్సర్ గుర్తు.

కర్సర్ దగ్గరి పదం మాత్రం వేరే స్పెల్లింగుతో తగలడం: లోపం కాదు. సంక్షిప్త బ్రెయిలీలో ఎడిట్ చేసేటప్పుడు, కర్సర్ ఉన్న పదాన్ని విడదీసి ఒక్కో అక్షరంగా చూపే సెట్టింగు అది. కర్సర్ దాటగానే మళ్లీ కుదించుకుంటుంది. కర్సర్ చుక్కలు లేస్తూ పడుతూ ఉండడం వల్ల ఆ సెల్ చదవడం కష్టమైతే మినుకుమినుకును ఆపెయ్యవచ్చు.

టైపు చేస్తుంటే అక్షరాలకు చుక్కలు తగ్గడం: మణికట్టు వాలిపోయి చివరి వేళ్లకు బలం అందడం లేదు. ఎక్కువగా 3, 6 చుక్కలే పోతాయి. కుర్చీ ఎత్తు పెంచి, మోచెయ్యి బల్ల ఎత్తుకు తెచ్చి చూడండి.

చేతులు కడుక్కుని, పూర్తిగా ఆరాక పరికరం ముట్టుకోండి. పని అయ్యాక మూత వెయ్యండి. సంచిలో పెట్టేటప్పుడు సెల్స్ వరుస మీద బరువు పడకూడదు.

చూపున్నవాళ్లు నేర్పిస్తుంటే

పక్కన కూర్చున్నవాళ్లకు వరుస మీద ఏముందో కళ్లతో చదవడం తేలిక కాదు. ఎన్‌వీడీఏ టూల్స్ మెనూలో బ్రెయిలీ వ్యూయర్ ఉంది. డిస్‌ప్లేకు వెళ్తున్న చుక్కలనే తెర మీద అక్షరాలతో కలిపి చూపిస్తుంది. డిస్‌ప్లే ఇంకా చేతికి రానివాళ్లు సంక్షిప్తాలు, చెక్ బాక్స్ గుర్తులు ముందే తెలుసుకోవడానికీ నేర్పేవాళ్లు దీన్ని వాడవచ్చు. నేర్పేటప్పుడు విద్యార్థి వేలు పట్టుకుని బటన్ మీద పెట్టకండి. "ఎడమ నుంచి మూడో సెల్ వెనక" అని మాటతో చెప్పండి. వేలు అక్కడికి తానే వెళ్తే రేపు మీరు లేకపోయినా వెళ్తుంది.

మాట సహాయం తగ్గించాల్సిన సమయం ప్యానింగ్, రౌటింగ్ రెండూ ఆలోచించకుండా జరిగినప్పుడు వస్తుంది. కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏ అయితే ఇన్సర్ట్‌తో ఎస్ నొక్కుతూ మాట ఆగే స్థితి ఎంచుకోండి, ఫోన్‌లో స్పేస్‌తో 1-3-4. ముందు ఒక చిన్న సందేశం చదివి జవాబు రాయడం, తర్వాత సెట్టింగుల్లో ఒక ఆప్షన్ వెతికి మార్చడం, చివరికి వెబ్ పేజీలో ఒక ఫారం నింపడం. ఫారంలో ఇరుక్కుంటే మాట తిరిగి తెచ్చుకోండి, ఇరుక్కున్న చోట వరుస మీద ఏ గుర్తు వచ్చిందో మాత్రం రాసి పెట్టుకోండి. సాధన స్థితిలోనో సెట్టింగుల్లోనో దాని అర్థం తర్వాత వెతకొచ్చు.